పదహారు కిలోల రెక్క

గెర్లిండ వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తోంది. భర్త అలోయిస్ కొండ మీంచి దూకి ఎగిరే కొత్త గ్లైడరు రెక్కను మడిచి గుమ్మంలో నిలబెట్టాడు.

“పదహారు కిలోలే! పాతదాంట్లో సగం. ఒక్కణ్ణే మోసుకుపోతా. ఇక నువ్వు కొండెక్కక్కర్లేదు.”

“దూకేముందు నీ నడుం పట్టీ కొక్కెం రెక్కకు తగిలించుకున్నావో లేదో చూసేదెవరు? ఓసారి మర్చిపోయావు.”

“రెక్క ముందువైపు అద్దం బిగించా. కొక్కెం నాకే కనిపిస్తుంది.”

“అద్దం నిన్ను తిడుతుందా?”

అలోయిస్ నవ్వాడు. “నీ మోకాలి నొప్పి నాకు తెలీదనుకున్నావా? ఇదంతా అందుకే.”

ఇంట్లో ఉంటే అతను నక్షాల మీంచి తలెత్తడు. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ కబుర్లాడుకునేది రెక్కకు చెరో కొసా పట్టుకుని కొండెక్కేటప్పుడే. ఆ మాటే చెప్పబోయి, అతని ముఖంలో సంతోషం చూసి ఆమె మరో దుంప అందుకుంది.

భుజం మీది రెక్క ద్వారబంధానికి తగలకుండా ఒడుపుగా తిప్పుకుని, ‘కాస్త ఇటు తిప్పు’ అని ఆమెతో అనే అవసరమైనా లేకుండా అలోయిస్ వెళ్లిపోయాడు.