పత్రం మీద మొదటి పేరు

“సార్, మన పరిశోధన పత్రం జర్నల్‌కి పంపేముందు మీకొక్క మాట చెప్పాలి,” అంది పరిశోధక విద్యార్థిని, తలుపు దగ్గరే నిలబడి.

డైరెక్టరుగారికి ఒళ్లు మండింది. పేర్ల సంగతి అప్పుడే బయటికి పొక్కిందన్నమాట. మొదటి పేరు ఆయన అల్లుడిది. అల్లుడు ఈ ల్యాబ్‌కి వచ్చింది రెండేసార్లు, ఒకసారి చూడ్డానికి, ఇంకోసారి మరిచిపోయిన గొడుగు కోసం. పాపం, ఉద్యోగంలో పైకి రావాలంటే అతనికీ ఒక పత్రం కావాలి కదా.

పని మాత్రం అమ్మాయిది. మరిగే నీటి ఊటల్లో బతికే సూక్ష్మజీవి నుంచి ఒక ఎంజైమ్ తీసింది. రక్త క్యాన్సర్ కణాలకు తిండి దొరక్కుండా చేస్తుందది. కాకపోతే మన ఒంటి వేడి దగ్గర బద్ధకిస్తుంది. జన్యువులో అక్కడో ముక్క ఇక్కడో ముక్క మార్చి దానికి చురుకు పుట్టించడానికి నాలుగేళ్లు పట్టింది. ఆమె డిగ్రీ, ఆ తర్వాత ఉద్యోగం, అన్నీ దాని మీదే ఉన్నాయి.

పోయిన నెల డైరెక్టరుగారు స్వయంగా చొక్కా చేతులు మడిచి రంగంలోకి దిగారు. ఆయన పరీక్షనాళిక పట్టుకుని పదేళ్లయింది. చల్లారితే దాని పౌరుషం పోతుందంటూ, ఎనభై డిగ్రీల వేడినీళ్ల తొట్టిలోంచి తీసింది తీసినట్టే క్యాన్సర్ కణాల మీద పోశారు. ఒక్క కణం మిగల్లేదు. ఇక ఆయనకు పట్టపగ్గాల్లేవు. ఆ సాయంత్రమే విలేకరులకు కబురు పెట్టారు.

“నువ్వేం చెప్తావో తెలుసులేమ్మా. రెండో పేరు నీదే.”

“అది కాదు సార్, ఆ పరీక్ష గురించి...”

“పరీక్ష చేసింది నేను. ఇంకో మాటన్నావంటే రెండోది మా బావమరిదికి ఇచ్చేస్తా.”

ఆమె మళ్లీ నోరు తెరిచింది. బావమరిదికి రెండో స్థానం ఖాయమైంది. ఇంకోసారి తెరిచింది. ఆమె పేరు పత్రం చివర ధన్యవాదాల్లోకి, టీ తెచ్చే మనిషి పేరు కిందికి జారింది. బయట ల్యాబ్ అసిస్టెంటక్క అంతా వింటోంది. నోటికాడి ముద్ద లాగేసుకుంటున్నాడని మనసులోనే ఆయన్ని తిట్టిపోసింది.

అమ్మాయి బల్ల మీది తెల్లకాగితం ఒకటి ఆయన ముందుకు జరిపింది.

“అయితే నా పేరు మొత్తానికే తీసేయండి సార్. ఎంజైమ్ మార్చడం వరకే నా పని, ఆ పరీక్షతో నాకు సంబంధం లేదని రాసివ్వండి. నా డిగ్రీకి అంతవరకు చాలు.”

డైరెక్టరుగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని గబగబా రాసి, సంతకం గీకి, ముద్ర కూడా కొట్టి ఇచ్చారు. ఆమె గడప దాటకముందే పత్రం పంపేశారు.

వరండాలో అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. “ఇంత మెతకదానివైతే ఎలా బతుకుతావే? ఏం చెప్పాలని వెళ్లావు, ఏం చేసుకొచ్చావు?”

అమ్మాయి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆయన చేసినట్టే తనూ నిన్న ఒకసారి చేసి చూశానంది.

“ఎంజైమ్ లేకుండా ఉత్త వేడినీళ్లు పోసినా అన్నీ చచ్చాయక్కా.”