డిమ్మాలి పువ్వు పుట్టుపూర్వోత్తరాలు

"డిమ్మాలండీ!"

తాతగారి తోటలో కలుపు తీస్తున్న పన్నెండుమంది ఆడవాళ్లూ ఒక్క గొంతుతో అన్నారు. కీర్తిప్రియకు ఒళ్లు మండిపోయింది. పేరు తనకూ తెలుసు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పమంటే మళ్లీ పేరే చెబుతారేంటి!

మామిడిచెట్ల కింద, గడ్డిలో, గోరంత నీలం పువ్వు. పుస్తకాల్లో విష్ణుక్రాంతం అని ఉంది. పుస్తకాల పేరు ఎవరిక్కావాలి? నూజివీడు చుట్టుపక్కల అడవిపూలకు జనం నోట్లో ఉన్న పేర్లు, ఆ పేర్ల మూలాలు. అదీ కీర్తిప్రియ పీహెచ్‌డీ. మిగతా పూలన్నీ బుద్ధిగా లొంగాయి. ఈ ఒక్కటే మొండికేసింది.

పైగా దీన్ని నమ్ముకుని ఒక అధ్యాయం మొత్తం రాసి పారేసింది. కోయ మాట అయి ఉంటుందని పది పేజీలు. కాదు, వలస కూలీలతో ఒడిశా నుంచి వచ్చిందేమోనని మరో ఎనిమిది. గైడ్ నారాయణరావుగారు పద్దెనిమిది పేజీల మీదా అడ్డంగా గీత కొట్టారు.

"ఊహలొద్దమ్మా. మొదట ఎవరి నోట పుట్టిందో సాక్ష్యం పట్టుకురా. సోమవారంలోగా తేలేకపోతే ఈ ఏడాది థీసిస్ సబ్మిట్ చేసే మాట మర్చిపో."

ఇవాళ శనివారం.

తిరగని ఊరు లేదు. చాట్రాయిలో "కలుపండీ" అన్నారు. బాపులపాడులో "మందు కొట్టేస్తామండీ, దానికి పేరెందుకు?" అన్నారు. ఉంగుటూరులో ఒక పెద్దాయన ఫోన్లో ఫొటో తేరిపార చూసి, ఇది షుగరుకేమైనా పనిచేస్తుందా అని తిరిగి తననే అడిగాడు. డిమ్మాలి అన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మాట తాతగారి ఇరవై ఎకరాల తోట కంచె దాటితే ఒట్టు. కంచె లోపల మాత్రం ముసలీ ముతకా అందరిదీ అదే మాట. ఇంతకన్నా విడ్డూరం ఉందా!

లోపల అడిగితే ఇంకో తంటా. "ఈ పేరు ఎవరు పెట్టారు?" అనడం ఆలస్యం, ఒకరి మొహం ఒకరు చూసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వుతారు. కొంపదీసి బూతుమాట కాదు కదా అని కూడా అనుమానం వచ్చింది కీర్తిప్రియకు. అదైనా చెప్పి చావచ్చుగా! బూతైతే బూతే రాసుకుంటుంది.

"పార్వతమ్మ మామ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను," అంది చివరికి, కూలీలందరికీ పెద్దదిక్కయిన ముసలామెతో. "నా నాలుగేళ్ల చదువు దీని దగ్గర ఆగిపోయింది. నవ్వులాటగా ఉందా మీకు?"

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంతమంది ముందు ఇదొకటి అని తన మీద తనకే కోపం వచ్చింది.

నవ్వులు టక్కున ఆగిపోయాయి. పార్వతమ్మ కొడవలి పక్కన పడేసి లేచింది.

"అయ్యయ్యో, అదేంటి అమ్మాయిగారూ! మీరే మమ్మల్ని ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నామండీ. నిజంగానే తెలవదా మీకు?"

"తెలిస్తే వారం నుంచి మీ వెంట ఎందుకు తిరుగుతాను?"

కీర్తిప్రియ ఫోన్లో రికార్డింగ్ నొక్కి, ఆమె మొహం దగ్గర పెట్టింది. పార్వతమ్మ చేతులకంటిన మట్టి చీరకు తుడుచుకుంది.

"మీకు రెండేళ్లప్పుడు ఆ పువ్వు చూసి డిమ్మాలీ డిమ్మాలీ అన్నది మీరేనండీ, మేం ఇంకో పేరంటే మీరు గుక్కపట్టి ఏడుస్తున్నారని తోటలో ఎవరూ దాని పాత పేరు ఎత్తకూడదని మీ తాతగారు కట్టడి చేశారు, ఇరవై ఐదేళ్లకి ఆ పాత పేరేంటో మాకే గుర్తులేకుండా పోయిందండీ."