రెండు దినాల సెలవు

ఫోను ఆటలో భీమరావు పెట్టిన పాటల కంపెనీ మూడోసారి మూతపడింది. పేరు తెచ్చుకున్న గాయని ఈసారి కూడా మానేసింది.

“ఎంత నేర్పిచ్చినా నిలబడదే! ఎందుకు మానేస్తాదమ్మా?” అని విసుక్కున్నాడు. పుంగనూరులో ఆయనకు నిజంగానే ఆర్కెస్ట్రా ఉంది.

ఎదురుగా ఆ ఆర్కెస్ట్రా గాయని కమలాక్షి మైకు తుడుస్తోంది. గొంతు నొప్పని మూడు రోజులుగా చెబుతూనే ఉంది.

“ఆ పిల్లకి రెండు దినాలు సెలవియ్యన్నా,” అంది బొంగురుగా.

ఆట మళ్లీ మొదలుపెట్టి సెలవిచ్చాడు. ఆ గాయని మానలేదు. కంపెనీ నిలిచింది.

“బలే సెప్పినావమ్మా! సరే, మదనపల్లె పెండ్లికి బయల్దేరు. రేపు కుప్పం జాతర ఉండాది. వేణ్ణీళ్లు తాగితే గొంతు అదే వస్తాది.”

కమలాక్షి మైకు ఆయన ఒళ్లో పెట్టింది.

“ఆ పిల్లనే పిల్సుకోని పో అన్నా. సెలవు తీసుకోని బాగుండాది.”