హైమ చెవిబిళ్ల

ఇద్దరు పక్కపక్కనే కూర్చున్నా ఇప్పుడు ఒకే పాట విని రారు. చెవిబిళ్లలు వచ్చాక కచేరీ ఎవరికి కావలసినట్టు వారికి వినపడుతుంది. వద్దన్న చప్పుడును బిళ్ల తీసేస్తుంది.

ఈశ్వర్రావు భార్య హైమ చనిపోయిన ఏడాదికి ఆమె ప్రాణం పెట్టుకున్న రాక్ బ్యాండు ‘ఉప్పుగాలి’ విజయనగరం వచ్చింది. మరదలు భారతి పోరు పడలేక అతను కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లాడు. హైమ బిళ్లే చెవిలో పెట్టుకున్నాడు. ఇదివరకు అయిదు కచేరీల్లో ఆమె పక్కన కూర్చుని పాటకు గొంతు కలిపాడు. ఆమె కళ్లు తుడుచుకునేది. అప్పుడు ఆమె ఏం విన్నదో ఒక్కసారి వినాలనుకున్నాడు.

గిటారు మొదలైంది. ఆమె బిళ్లలో డ్రమ్ములు తక్కువ, గాయకుడి ఊపిరి ఎక్కువ. బాగానే ఉంది. రెండో చరణం అలవాటుగా తనూ అందుకున్నాడు. గొంతు నరాలు బిగుస్తున్నాయి గాని తన పాట తనకే వినపడలేదు. ఇంకా గట్టిగా పాడాడు.

భారతి మోచేత్తో పొడిచింది. "నెమ్మది బావా. ముందు వరసోళ్లు తిరిగి చూస్తన్నారు."

"నీకు వినపడతందేటి?"

"నాకేటి, ఊరంతటికీ వినపడతంది."

బిళ్ల తీసి పాడాడు. తన గొంతు వినపడింది. పెట్టుకుని పాడాడు. లేదు. ఆ గొంతు వద్దని బిళ్లకు చెప్పింది హైమే. అది మరొకరి మాట వినదు.

మిగతా కచేరీ అంతా నోరు మూసుకుని కూర్చున్నాడు.

"అక్క ఏటి వినేది బావా?" అని తిరుగుదారిలో అడిగింది భారతి.

"పాట విన్నాది. ఇంకెప్పుడూ నా దగ్గర ఆ ఊసెత్తకు."