కిటికీలో జరీ కండె

మూడో చీర కూడా తిరిగొచ్చింది.

షావుకారు అప్పాజీ దాన్ని మగ్గం మీద పరిచి అంచు చూపించాడు. పసిడి రంగులో మెరవాల్సిన జరీ మసిబారి ఉంది.

"నేనిచ్చింది అసలు వెండి జరీయేనమ్మా. మరి ఇదేంటి?"

"మీరిచ్చిందే నేశామండి. మార్చలేదు," అంది వెంకటదుర్గ.

"మార్చావని నేననటం లేదు. ఊరంతా అంటోంది. ఇంకొక్క చీర చూస్తాను. అదీ ఇలాగైతే నీకు జరీ ఇవ్వను."

ఆయన వెళ్ళాక ఆమె, భర్త అచ్చిబాబు మళ్ళీ మగ్గం ముందు పక్కపక్కన కూర్చున్నారు. ఉప్పాడ జామ్దానీ చీర నెయ్యడానికి ఇద్దరు కావాలి. ఇరవై ఏళ్ళుగా అలాగే కూర్చుంటున్నారు. దొంగలని అనిపించుకోవడం మాత్రం ఇదే మొదలు.

మర్నాడు గుమ్మంలో ఎవరో దగ్గారు.

సన్నటి మనిషి, అరవై దాటి ఉంటాయి. భుజాన గుడ్డసంచి, చేతిలో నోటుపుస్తకం.

"చీరలు తిరిగొస్తున్న ఇల్లు ఇదేనా అమ్మా?"

వెంకటదుర్గకు ఒళ్ళు మండింది.

"ఏం కావాలండి?"

"నా పేరు యుగంధర్. అసలు జరీ పోగులు ఓ ముప్పై కావాలమ్మా. రోజుకొకటి మీ కిటికీకి కట్టి చూసుకుంటాను. ఎందుకంటే, అదిగో, ఆ ఓడలు..."

కిటికీకి ఎదురుగా సముద్రంలో లంగరేసిన ఓడలున్నాయి. వాటి పొగ గాలివాటున ఊరి మీదికే వస్తోంది.

"ఓడల సంగతి మాకెందుకండి. అవతల పనుంది."

అచ్చిబాబు ఆమెను లోపలికి పిలిచాడు.

"పాత జరీ కొనే బాపతులా ఉన్నాడు. కరిగించి వెండి తీసుకుంటాడు. షావుకారు తూచి ఇచ్చిన జరీ. తూకం తగ్గిందంటే ఇంకేమైనా ఉందా?"

లేదని చెప్పి పంపేస్తే పోయేది. కానీ ఆ మనిషి ఎండలో కదలకుండా నిలబడ్డాడు. వాదించే ఓపిక ఆమెకు లేదు. అమ్మవారి పందిరి అలంకరణలో మిగిలిన ప్లాస్టిక్ జరీ చుట్టిన కండె అటక మీద ఉంటే, తెచ్చి చేతిలో పెట్టింది.

"అసలుదేనా అమ్మా?"

"అసలుదేనండి."

ఆయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

నెల రోజులు వచ్చాడు. రోజుకో పోగు కట్టి, పాతవన్నీ ఒక్కొక్కటే వేలి మీద వేసి చూసి, పుస్తకంలో రాసుకునేవాడు. దగ్గు ఎక్కువైతే అరుగు మీద కూలబడేవాడు. ఒకసారి మంచినీళ్ళు తాగి, "అమ్మా, ఆ పొగ ఉంది చూశారా..." అన్నాడు.

"మీ పనేదో మీరు చూసుకోండి," అని ఆమె లోపలికెళ్ళిపోయింది.

ఆఖరి రోజు పోగులన్నీ విప్పి సంచిలో పెట్టుకున్నాడు.

"ఒక్కదాంట్లోనూ మార్పు లేదమ్మా. నేనే పొరబడ్డానేమో."

మిగిలిన కండె కిటికీలో పెట్టాడు.

"ఇది మీదేనమ్మా. వెండి కదా, జాగ్రత్త."

ఆమెకు సిగ్గేసింది. నిజం చెప్పేద్దామనుకుంది. ఇప్పుడెందుకులే అనుకుంది.

నాలుగో చీర కూడా నల్లబడింది. అప్పాజీ అన్న మాట ప్రకారం జరీ ఆపేశాడు. మగ్గం ఖాళీగా ఉంది.

మరో నెలకు వెంకటదుర్గ పేరున సర్కారు కవరొచ్చింది. అచ్చిబాబు చదివాడు.

"ఓడలు తీరం దగ్గర గంధకం ఎక్కువున్న చౌక నూనె కాలుస్తున్నాయని, ఆ పొగకే చీరల్లో వెండి జరీ నల్లబడుతోందని, ఇందులో నేతగత్తె వెంకటదుర్గ తప్పేమీ లేదని, తీరాన పొగ కొలిచే యంత్రం పెట్టాలని శ్రీ యుగంధర్ అర్జీ ఇచ్చారు. నెల రోజుల పాటు ఆమె కిటికీకి కట్టి, రుజువుగా ఆయనే పంపిన ముప్పై వెండి పోగుల్లో ఒక్కటీ నల్లబడనందున అర్జీ తోసిపుచ్చడమైనది. అర్జీదారు మరణించినందున ఈ నకలు మీకు పంపడమైనది."

వెంకటదుర్గ కిటికీ వైపు చూసింది. ఆ ప్లాస్టిక్ కండె ఇంకా కొత్తదానిలా మెరుస్తోంది. మళ్ళీ కట్టి చూపిద్దామన్నా ఇంట్లో అసలు జరీ ఒక్క పోగైనా లేదు.

"వెనక ఆయన అర్జీ కూడా జతచేశారు. దాని కింద ఆయన చేతిరాతేదో ఉంది," అన్నాడు అచ్చిబాబు.

"చదువు."

"ముప్పై ఏళ్ళు ఓడల ఇంజను రూముల్లో ఆ నూనె నా చేతుల్తోనే కాల్చాను, ఆ ఇల్లాలి చీర మీద పడ్డ మసి నాది, ఆవిడది కాదు."