నాలుగింటి లూడో

“సార్, అమ్మ ఫోన్ల ఎవరికో అంకెలు చెప్తున్నది,” అంది పనిమనిషి ఎల్లమ్మ, చీపురు పట్టుకునే.

మల్లికార్జున్ పేపర్ దించాడు.

“ఏ అంకెలు?”

“ఆరు, మూడు, ఐదు... గిట్ల. అవతల ఎవరో ఆడామె. తెలుగు సక్కగ రాదు. రోజూ నాలుగింటికి చేస్తది.”

ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసినవాడికి ఆ మాట చాలు. ఓటీపీ!

ఒక్క అంగలో గదిలోకి వెళ్ళాడు.

భార్య శాంత దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్షవాతం వచ్చి ఐదు నెలలు. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో పాతికేళ్ళు ఎందరికో మాటలిచ్చిన నోటికి సొంత మాట రావడం లేదు.

“ఆరు నెలల్లో వచ్చిందే మాట. ఆ తర్వాత కష్టం,” అన్నాడు డాక్టరు.

ఫోన్లో లూడో. పాచిక దొర్లుతోంది. అవతల ఆడే మనిషి పేరు చింటూ. ఫోటో చూస్తే పిల్లి.

“శాంతా, ఎంత పడ్డాడు? నోటితో చెప్పు. చెప్పకపోతే ఆట లేదు,” అంటోంది ఓ బొంగురు గొంతు.

“నా...లుగు,” అంది శాంత.

పాచిక మీద నాలుగే ఉంది. అయినా మల్లికార్జున్ అనుమానం తీరలేదు. ముందు ఆటంటారు. ఆనక అకౌంటంటారు.

“ఎవరామె?”

“గొం...” శాంత నోరు వంకర తిరిగింది. “గొం...తు...”

“గొంతు నొప్పా? నీళ్ళు తాగు.”

శాంత కళ్ళు మూసుకుంది.

మర్నాడు తలుపు చాటున నిలబడ్డాడు.

“నన్ను వదిలి వెళితే నేను నీ గడప ముందు చచ్చిపోతాడు!” ఫోన్లో ఆడగొంతు ఏడుస్తోంది. “ఇప్పుడు నువ్వు చెప్పు శాంతా. ఏడుస్తూ చెప్పు.”

మల్లికార్జున్‌కు ఒళ్ళు మండింది. ఫోన్ లాక్కున్నాడు.

“ఎవరమ్మా నువ్వు? జబ్బు మనిషే దొరికిందా నీకు?”

“సార్... నేను... ఆట...”

“అసలు పేరు చెప్పు!”

“చెప్తే మీరు నమ్మరు సార్. నా గొంతు ఇక్కడ ఎవరూ వినలేదు.”

“మోసమంటే అదే!”

నంబరు బ్లాక్ చేశాడు. ఆట తీసేశాడు.

“మా రోజుల్లో వీడియోగేమంటే మనిషి డబ్బాతో ఆడేవాడు. ఇప్పుడు డబ్బాలోంచి ఎవరో వచ్చి మనతో ఆడుకుంటున్నారు,” అన్నాడు ఎల్లమ్మతో.

“మంచి పని చేసిన్రు సార్.”

ఆ రోజు నుంచి శాంత నోరు తెరవలేదు. అన్నం వద్దనడానికి కూడా చెయ్యే ఊపింది. నాలుగయ్యేసరికి మాత్రం గోడ గడియారం వంక చూసేది.

ఐదో రోజు కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో తెల్ల చొక్కా మనిషి. చేతిలో చిన్న పొట్లం.

“ఎవరు పంపారు?” గొలుసు తీయకుండానే అడిగాడు మల్లికార్జున్.

“జూబ్లీహిల్స్ నుంచండీ. మేడంగారి డ్రైవర్ని, మరియదాసంటారు. ఇది శాంతమ్మగారికి ఇమ్మన్నారు. రోజూ నాలుగింటికి ఫోన్ ముందు పెట్టుకుని కూర్చునేవారండీ. ఆ టైముకి మమ్మల్ని కూడా మాట్లాడనిచ్చేవారు కాదు.”

“ఆ లూడో ఆవిడేనా? ఫోన్ చెయ్యి. నేనే మాట్లాడతా.”

మరియదాసు తల దించుకున్నాడు.

“ఇక మాట్లాడలేరండీ. గొంతులో క్యాన్సరు, నిన్ననే ఆపరేషనైంది. గొంతు తీసేశారు. ముందే తెలుసండీ ఆవిడకి. మాటున్న నాలుగు రోజులూ శాంతమ్మగారితోనే మాట్లాడతానన్నారు.”

మల్లికార్జున్ గొలుసు తీశాడు.

పొట్లంలో పాత చేతి వీడియోగేమ్ ఉంది. పైనుంచి ఇటుకలు పడేది. బొత్తాలు అరిగిపోయాయి.

“మేడంగారు డబ్బింగ్ థియేటర్‌కి వచ్చినప్పుడల్లా రీలుకీ రీలుకీ మధ్య ఇద్దరూ దీంతోనే ఆడేవారంటండీ.”

దాన్ని తెచ్చి శాంత ఒళ్ళో పెట్టాడు.

“ఎవరు శాంతా ఆమె?” ఈసారి మెల్లగా అడిగాడు.

శాంత బొత్తాలు తడిమింది. గడియారం నాలుగు చూపిస్తోంది.

“హీ...రోయిన్,” అంది.

ఊపిరి తీసుకుంది.

“ఆరు సినిమాలు.” అంకె మాత్రం తడబడకుండా వచ్చింది.

“ఆమెకి... గొంతు... నేను.”