కోచ్ పక్కన చోటు

“ముగ్గుర్నీ చూశావుగా. ఎవరిని తీసుకుందామంటావ్?” అంటూ కోచ్ టీవీ ఆపేసి రిమోట్ బల్లమీద పెట్టాడు.

స్టెప్నీ కుర్చీ కాస్త ముందుకి లాక్కుంది. ఆ పేరు ఆమెకు జట్టులోని అమ్మాయిలు పెట్టింది. బాస్కెట్‌బాల్ కోర్టులో ఆడే అయిదుగురిలో ఎవరు అలిసినా, ఎవరి కాలు బెణికినా బెంచీ అని పిలుచుకునే కుర్చీల వరసలోంచి మొదట లేచేది ఆమే. అందుకే ఆమె కుర్చీ ఎప్పుడూ కోచ్ పక్కనే. ఆ కుర్చీలో ఎవరైనా సంచీ పెట్టినా ఊరుకోదు.

పోయిన సీజన్లో జట్టు సెమీఫైనల్ దాకా వెళ్ళి బోర్లాపడింది. మొదటి అయిదుగురు సంపాదించిన పాయింట్లన్నీ, వాళ్ళు కాస్త ఊపిరి తీసుకోడానికి కూర్చోగానే మంచులా కరిగిపోయాయి. మళ్ళీ సీజన్ మొదలయ్యేలోగా బెంచీని గట్టిచెయ్యాలని యాజమాన్యం పట్టుబట్టి, కొత్తగా ఒక్కరిని తీసుకోడానికి ఒప్పుకుంది. వచ్చే ఆ ఒక్కరూ ఎక్కడ కూర్చుంటారన్నదే స్టెప్నీ బెంగ. కోచ్ పక్కనుంచి తను ఒక్క కుర్చీ అవతలికి జరిగిందంటే వచ్చే ఏడు తన మొహం చూసేవాళ్ళుండరు. మోకాళ్ళు అప్పుడప్పుడు ఆ మాటే గుర్తుచేస్తున్నాయి.

“పొడుగు పిల్ల బంగారం సార్. చెప్పినమాట వింటుంది,” అంది నోరారా. పొడుగు పిల్ల పరిగెడుతుంటే ఎవరో బీరువా జరుపుతున్నట్టుంటుంది. ఆ సంగతి చెప్పలేదు. దూరం నుంచి గురిచూసి వేసే రెండో అమ్మాయిని కూడా మెచ్చుకుంది. ఆ అమ్మాయి చేతిలో బంతి ఎవరైనా లాక్కోవచ్చు. ఆ సంగతీ చెప్పలేదు.

“మరి ఆ ఎడంచేతి అమ్మాయి?”

ఆ పిల్ల ఆటని స్టెప్నీ రెప్పవెయ్యకుండా చూసింది. కొత్తగా వచ్చినప్పుడు తనూ అలాగే ఆడేది. నిజం చెప్పాలంటే ఆ పిల్ల తనకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది.

“ఆ పిల్ల మాత్రం వద్దు సార్.”

“ఏం?”

ఏం అని అడిగిందే తడవు, వంకలు ఏకరువు పెట్టింది. తలబిరుసు మనిషి, బెంచీ మీద కుదురుగా కూర్చోదు, ఆటంతా నిలబడే చూస్తుంది. కుడివైపు భుజం వంచి ఎడమకి తిరుగుతుంది, ఆ దొంగాట ఎన్నాళ్ళు సాగుతుంది. బంతి చేతికి రాకముందే ఎవరికివ్వాలా అని దిక్కులు చూస్తుంది, అంటే బంతి మీద ధ్యాస లేనట్టేగా. ఓడిపోయేలా ఉన్నప్పుడు కూడా నవ్వుతుంది, బొత్తిగా బాధ్యత లేదు. ఇవన్నీ చాలవనిపించి, మోకాలు తేడాగా ఉన్నట్టుందని ఓ అబద్ధం కూడా కలిపింది. కోచ్ ముందున్న టీ చల్లారి మీగడ కట్టింది. ఆయన ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.

బయటికొచ్చాక సిగ్గేసింది. సిగ్గుతోపాటు కాస్త హాయిగానూ ఉంది. ఖాళీ కోర్టులో చెక్క నేలకి పాలిష్ పెడుతున్నారు. గోడవారకి చేర్చిన కుర్చీల్లో తన కుర్చీ వెతుక్కుని కూర్చుని అక్కకి ఫోన్ చేసింది.

అక్కంటే తోడబుట్టింది కాదు. ఆ కుర్చీలో తనకు ముందు కూర్చున్న మనిషి. స్టెప్నీ జట్టులోకొచ్చిన ఏడాదే ఆ చోటు వదిలేసి, ఆట మానేసి, బడిపిల్లలకి ఆట నేర్పడానికి వెళ్ళిపోయింది. “నీ గురించి ఆవిణ్ణి అడిగాకే నిన్ను తీసుకున్నాను,” అని కోచ్ మొదటిరోజే చెప్పాడు. అప్పట్నుంచీ అక్క ఆమె పాలిట దేవత. తన మొదటి జెర్సీని ఫ్రేము కట్టించి అక్కకే ఇచ్చుకుంది. నీ చలవే అక్కా అని ఎప్పుడన్నా, అక్క వెంటనే మాట మార్చేసేది. పొగడ్తలు పడని మనిషి అనుకునేది స్టెప్నీ.

“కొత్తమ్మాయి గురించి సార్ నన్నడిగారక్కా. వద్దని గట్టిగా చెప్పేశాను.”

అవతల బడిపిల్లల కేకల్లోంచి అక్క ఫోను పట్టుకుని పక్కకొచ్చింది.

“గట్టిగానా? ఎంత పని చేశావే పిల్లా,” అంది అక్క. “ఆయన దగ్గర ఒకళ్ళ గురించి చెడ్డగా నోరు విప్పకూడదు.”

ముక్కూమొహం తెలియని పిల్ల మీద కూడా ఎంత జాలో అనుకుంది స్టెప్నీ. ఆవిడ ముందు తను మరీ చిన్నబోయినట్టనిపించింది.

ప్రాక్టీసు మళ్ళీ మొదలైన రోజు హాల్లోకి అడుగుపెట్టేసరికి, కోచ్ పక్క కుర్చీ దగ్గర ఎడంచేతి అమ్మాయి ఉంది. కూర్చోలేదు, నిలబడే ఉంది. స్టెప్నీని చూసి నవ్వింది. స్టెప్నీ నవ్వలేక తిన్నగా కోచ్ గదిలోకి వెళ్ళింది.

“మోకాలు బాలేదన్నాను కద సార్.”

“డాక్టరుకి చూపించాం. నిక్షేపంలా ఉంది.” కోచ్ ఆమెను కూర్చోమన్నాడు. “పొడుగు పిల్ల గురించి రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నావు. ఈ పిల్ల భుజం ఎటు వంచుతుందో, బంతి రాకముందే కళ్ళు ఎటు పోతాయో నాకే పట్టుబడలేదు. నువ్వు చెప్పాక వీడియో మళ్ళీ వేసుకుని చూశాను. బెంచీ గట్టిపడాలంటే, ఎవర్ని చూస్తే నీకు నిద్రపట్టదో ఆ మనిషే కావాలి నాకు. అందుకే ఎప్పుడూ ఆ కుర్చీలో ఉన్నవాళ్ళనే అడుగుతాను.”

స్టెప్నీకి తల కొట్టేసినట్టయింది. ఆఖరి మాట చెవికెక్కనేలేదు. కళ్ళనీళ్ళు తిరిగాయి.

“కుళ్ళుతో అన్నాను సార్. నా గురించి అడిగితే అక్క ఎంత మంచిగా చెప్పుంటుంది. ఆవిడ మనసులో పిసరంతైనా నాకు లేకపోయింది.”

కోచ్ టీ కప్పు కింద పెట్టాడు.

“మీ అక్క నిన్ను పూటంతా తిట్టిందమ్మా.”